మందారం మీద ‘ముదిరిన పిండినల్లి’: ఫొటోల ద్వారా గుర్తించిన ఒక కేసు

మిద్దె తోటలు పెంచేవాళ్లు, చిన్న రైతులు పంపే ఫొటోలు చూసి పురుగు ఏదో చెప్పడం నా పనిలో పెద్ద భాగం. నేను చదివింది కీటకశాస్త్రం. వచ్చే ఫొటోల్లో చాలావాటికి చూడగానే సమాధానం చెప్పవచ్చు. ఈ కేసు అలాంటిది కాదు. పేరు తప్పుగా పెట్టి ఉంటే, మొక్కను కాపాడుతున్న పురుగునే చంపించినట్టయ్యేది. ఫొటోలు పంపినవారి అనుమతితో రాస్తున్నాను. పేరు, ఏరియా, ఇంటి ఆనవాళ్లు తీసేశాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఒక ఇంటి డాబా మీద తోట. డ్రమ్ముల్లో జామ, సీతాఫలం, కుండీల్లో మందారాలు, గ్రో బ్యాగుల్లో వంగ, టమాటా. ఆ ఇంటావిడకు మొక్కలతో చాలా ఏళ్ల అనుభవం ఉంది. కాయలు ఇంట్లో పిల్లలు తినేవి కాబట్టి పురుగుమందుల జోలికి ఇంతవరకూ వెళ్లలేదు.

సంక్రాంతి వెళ్లి ఎండ ముదరడం మొదలయ్యాక మందారం చిగుళ్లలో పిండినల్లి (మొక్క రసం పీల్చే తెల్లటి చిన్న పురుగు, మీలీబగ్) కనిపించింది. అక్కడినుంచి జామకు పాకింది. ముందు నీళ్లు గట్టిగా కొట్టారు, తర్వాత సబ్బు నీళ్లు, ఆ తర్వాత వేపనూనె. ప్రతిసారీ కొన్నాళ్లు తగ్గినట్టే అనిపించి మళ్లీ వచ్చేది. ఇందులో వింత లేదు. పిండినల్లి ఒంటి మీద మైనపు పొడి ఉంటుంది, నీటి మందు దానిమీద సరిగా నిలవదు. గుడ్లు దూదిలాంటి సంచిలో ఉంటాయి, అక్కడికి అసలు చేరదు. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు పాకుతూ కొత్త చిగుళ్లు వెతుక్కుంటాయి. అందుకే ఒక్కసారి కొట్టి వదిలేస్తే ఏ పద్ధతీ పనిచేయదు.

సమస్య

నాకు వచ్చిన మెసేజ్ ఇది: “సార్, పిండినల్లి ముదిరి ఇంత పెద్దవైపోయాయి. వేపనూనెకు లొంగట్లేదు. ఇక తప్పదు, గట్టి మందు ఏదైనా చెప్పండి. రేపు పొద్దున కొట్టేస్తాం.”

దాంతోపాటు మూడు ఫొటోలు. నిలబడి, జూమ్ చేసి తీసినవి. ఫోకస్ వెనకున్న ఆకు మీద పడింది. కొమ్మ మీద తెల్లటి ముద్దలు, వాటిలో కొన్ని మిగతావాటికన్నా బాగా పెద్దవి. పక్కన కొలత తెలిపేది ఏదీ లేదు. ఆవిడ అప్పటికే ఒక మొబైల్ యాప్‌లో వేసి చూశారు. అది పిండినల్లి అని చెప్పింది. ఆ జవాబు స్క్రీన్‌షాట్ కూడా పంపారు.

యాప్ పూర్తిగా తప్పు చెప్పలేదు. ఫొటోలో పిండినల్లి ఉంది. కాకపోతే ఆవిడ అడిగింది పెద్దవాటి గురించి, యాప్ చెప్పింది ఫొటోలో ఎక్కువగా కనిపించేదాని గురించి. ఒకే కొమ్మ మీద రెండు రకాల జీవులు ఉండొచ్చన్న అనుమానం రావాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ‘పెద్దవి, చిన్నవి రెండూ ఒకే జాతివేనా?’ ఆవిడ మెసేజ్‌లో నన్ను ఆపింది ‘ముదిరి’ అన్న మాట. పిండినల్లి ఎంత ముదిరినా ఒక హద్దు దాటి పెరగదు. మన తోటల్లో మామూలుగా కనిపించే జాతుల్లో ఎదిగిన ఆడది మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. బొప్పాయి పిండినల్లి ఇంకా చిన్నది, సుమారు రెండు మిల్లీమీటర్లు. ఫొటోలో పెద్దవి చిన్నవాటికి మూడింతలు ఉన్నట్టు కనిపించాయి.

మొదటి నిర్ణయం: పేరు చెప్పకుండా మందు ఆపించడం

అప్పటికి నాకు గట్టి అనుమానమే ఉంది. అయినా పేరు చెప్పలేదు. అలాంటి ఫొటో చూసి పేరు చెబితే అది ఊహ అవుతుంది, అవతలివాళ్లు దాన్ని తీర్పుగా తీసుకుంటారు. దానికన్నా ముందు తేల్చాల్సింది రేపు పొద్దున మందు కొట్టాలా వద్దా అన్నది.

రెండు వైపులా నష్టం బేరీజు వేశాను. అవి నిజంగా పిండినల్లే అయి, నేను రెండు రోజులు ఆగమంటే, మొక్క ఇంకాస్త రసం కోల్పోతుంది, ఆకుల మీద పిండినల్లి విడిచే జిగురు, దానిమీద పట్టే మసి కొంచెం పెరుగుతాయి. అంతకుమించి ఏమీ కాదు. అవి పిండినల్లిని తినే పురుగులై, నేను మందు చెబితే, కొమ్మ మీద తిరుగుతున్న ఆ పురుగులే ముందు చస్తాయి. మైనం కింద, గుడ్ల సంచుల్లో ఉన్న పిండినల్లి చాలావరకు మిగులుతుంది. ఆ తర్వాత దానికి అడ్డు ఉండదు. పైగా జామకాయల మీద మందు. కాబట్టి ఆగడమే చవక. “అమ్మా, ఈ రెండు రోజులు ఏమీ కొట్టొద్దు, సబ్బు నీళ్లు, వేపనూనె కూడా వద్దు. మంచి ఫొటోలు పంపండి, చూసి చెబుతాను” అన్నాను.

సబ్బు నీళ్లు, వేపనూనె కూడా ఎందుకు వద్దన్నానంటే, అవి సేంద్రియం కాబట్టి మంచి పురుగులకు ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. మెత్తటి ఒళ్లున్న పిల్ల పురుగు మీద సబ్బు నీళ్లు నేరుగా పడితే అది ఏ పురుగన్నది చూడదు. వేపలోని అజాడిరాక్టిన్ పురుగుల పెరుగుదలను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ ఎదిగే దశలో ఉన్న మిత్రపురుగుకూ తగలొచ్చు.

ప్రయత్నించినవి, ఫలించనివి

ముందుగా ‘దగ్గర నుంచి తీయండి’ అని అడిగాను. అందరూ అడిగేది అదే. వచ్చిన ఫొటోలు పనికిరాలేదు. ఫోన్‌ను మరీ దగ్గరగా పెడితే లెన్స్ ఫోకస్ కాదు. ఒక జానెడు దూరంలో పెట్టి తీసి, తర్వాత కత్తిరించుకుంటే ఎక్కువ వివరం కనిపిస్తుంది. రెండో ఇబ్బంది ఎండ. మధ్యాహ్నం డాబా మీద తెల్లటి మైనం ఫొటోలో కాలిపోయినట్టు తెల్లగా వచ్చింది. అంచులు, పోగులు, గాట్లు అన్నీ అందులో కలిసిపోయాయి. పురుగును గుర్తించేది ఆ వివరాలతోనే.

మూడోది వాట్సాప్. అది ఫొటోను కుదించి పంపుతుంది. ముఖం గుర్తుపట్టడానికి అది చాలు, మూడు మిల్లీమీటర్ల పురుగు కాలు చూడటానికి చాలదు.

ఈసారి ఏం కావాలో, ఎందుకు కావాలో విడివిడిగా రాసి పంపాను. పొద్దున నీడలో తీయండి, ఎండ ఉంటే గొడుగు అడ్డం పెట్టండి. స్క్రీన్ మీద పురుగును తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి, తెలుపులో గీతలు కనిపించేదాకా. పిల్లల స్కేలు ఒకటి కొమ్మకు ఆనించి పెట్టండి. మోచేతులు దేనికైనా ఆనించుకుని తీయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి. కారణాలు కూడా రాయడం అలవాటు చేసుకున్నాను. ఎందుకో తెలిస్తే, నేను చెప్పని చోట కూడా వాళ్లే సర్దుకుంటారు. ఆవిడ స్కేలుతో పాటు ఒక నల్ల కాగితాన్ని కొమ్మ వెనక పెట్టారు. అది నేను అడగలేదు. తెల్లటి పోగులు దానిమీద స్పష్టంగా కనిపించాయి.

కొలత తేలాక

స్కేలు ప్రకారం పెద్దవి పది మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. చిన్నవి మూడు. అంటే పెద్దవి ముదిరిన పిండినల్లి కాదు. ఇంతవరకు ఖాయం. మరి ఏమిటి?

తెల్లగా, పిండి పూసుకున్నట్టు, ఆ సైజులో ఉండగల వాటిలో నాలుగింటిని పరిశీలనలో పెట్టుకున్నాను. మొదటిది ఐసిర్యా. పిండినల్లికి దూరపు చుట్టం, రసం పీల్చేదే, సైజులో పెద్దది. అదైతే మళ్లీ శత్రువే. రెండోది క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్ల దశ. మూడోది స్పాల్గిస్ అనే సీతాకోకచిలుక గొంగళి. ఆకులు కాకుండా పిండినల్లిని తిని బతికే అరుదైన గొంగళి అది, పిండినల్లి మైనాన్నే ఒంటికి పూసుకుంటుంది. నాలుగోది లేస్‌వింగ్ అనే జాలీ రెక్కల పురుగు పిల్ల, చెత్తను వీపున మోసే రకం. చివరి మూడూ మనకు మేలు చేసేవే. కాబట్టి ఏ పేరన్నది తర్వాతి సంగతి, మందు విషయంలో అసలు ప్రశ్న ఒక్కటే: ఇది ఐసిర్యానా, కాదా?

నల్ల కాగితం ముందు తీసిన ఫొటోలో మైనపు పోగులు బాగా కనిపించాయి. పిండినల్లికి పోగులు ఒంటి అంచు చుట్టూ ఒక వరసలో, పొట్టిగా, క్రమంగా ఉంటాయి. వీటికి అలా లేవు. లావుగా, పొడుగుగా, వంకరటింకరగా, వీపు నిండా చిందరవందరగా ఉన్నాయి. ఇది క్రిప్టోలేమస్ వైపు మొగ్గే ఆధారం. అయితే ఐసిర్యాలోనూ కొన్ని జాతులకు పొడుగాటి పోగులుంటాయి. పోగులను బట్టి మాత్రమే తీర్పు చెప్పే ధైర్యం నాకు లేదు.

కాళ్లు లెక్కపెట్టమని కొందరు సలహా ఇస్తారు. ఇక్కడ దాంతో ఉపయోగం లేదు. ఎదిగిన ఆడ పిండినల్లికీ ఆరు కాళ్లే, అక్షింతల పురుగు పిల్లకూ ఆరే. తేడా కాళ్ల పొడవులో, వాటిని వాడే తీరులో ఉంది. ఫొటోలో నిలబడి ఉన్న పురుగు అది చెప్పదు.

పనిచేసినవి: వీడియో, తడి కుంచె

అందుకని వీడియో అడిగాను. ఫోన్‌ను దేనికైనా ఆనించి, కదపకుండా, అర నిమిషం. పెద్ద పురుగు కొమ్మ మీద చురుగ్గా నడుస్తోంది. ఒక గుడ్ల సంచి దగ్గర ఆగింది, తల లోపలికి దూర్చింది. సంచి కదులుతోంది, కాసేపటికి పక్కనున్న ఇంకో సంచికి వెళ్లింది. రసం పీల్చే పురుగు ఇలా చేయదు. అది సూదిలాంటి నోటిని కొమ్మలో దించి ఒకచోట కూర్చుంటుంది, కదిలించినా మెల్లగానే జరుగుతుంది.

రెండో పరీక్షగా, పెద్దవాటిలో ఒకదాన్ని కాగితం మీద వేసి, నీళ్లలో ముంచిన పిల్లల పెయింటింగ్ బ్రష్‌తో మైనం మెల్లగా తుడవమన్నాను. ఐసిర్యా అయితే కింద నారింజ, ఇటుక రంగుల ఒళ్లు, ముదురు రంగు కాళ్లు బయటపడాలి. లేస్‌వింగ్ అయితే తల ముందు కొడవళ్లలాంటి దవడలు. స్పాల్గిస్ అయితే కాళ్లు పైకి కనిపించని చదునైన గొంగళి. ఇక్కడ బయటపడింది లేత రంగు ఒళ్లు, గాట్లుగాట్లుగా విడివడిన భాగాలు, వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడిన ఆకారం, పక్కలకు చాచిన గట్టి కాళ్లు. అక్షింతల పురుగు పిల్ల.

ఆవిడకు వెంటనే చెప్పాను. “అమ్మా, ఇవి మీ పిండినల్లిని తింటున్న పురుగులు. మందు వద్దే వద్దు.” ఆవిడ జవాబు: “అయ్యో సార్, నిన్న చేత్తో తీసి కొన్ని నలిపేశాం కదా!” చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. పెద్దగా కనిపించేది ముందు చేతికి దొరుకుతుంది కాబట్టి కాపాడే పురుగే ముందు పోతుంది.

పేరు ఎంతవరకు చెప్పాలి

తెల్లటి మైనం ఉండే అక్షింతల పురుగు పిల్లలు ఇంకా ఉన్నాయి. స్కిమ్నస్, నెఫస్ లాంటివి అలాగే ఉంటాయి, కాకపోతే బాగా చిన్నవి. పది మిల్లీమీటర్లంటే క్రిప్టోలేమస్ అనడానికి బలం ఉంది, దీని పిల్ల దశ పదమూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అయినా నా రికార్డులో ‘అక్షింతల పురుగు పిల్ల, బహుశా క్రిప్టోలేమస్’ అని మాత్రమే రాశాను. సలహా ఇవ్వడానికి అంతవరకు తేలితే చాలు. పూర్తి పేరు కోసం సలహాను ఆపి ఉంచనక్కర్లేదు, సలహా ఇచ్చేశాం కదా అని ఖాయం కాని పేరు రాయనూ కూడదు.

పేరు తేల్చడానికి ఆవిడే ముందుకొచ్చారు. నాలుగైదు పురుగు పిల్లలను, పిండినల్లి ఉన్న కొమ్మ ముక్కతో సహా, ఒక పారదర్శకమైన డబ్బాలో వేసి, మూతకు బదులు పల్చటి బట్ట కట్టారు. తిండి అయిపోకుండా కొత్త కొమ్మలు వేయాలని చెప్పాను. ఆకలేస్తే ఒకదాన్నొకటి తింటాయి. అవి కదలడం మానేసి, డబ్బా గోడకు, ఆకు అడుగుకు అంటుకుని ప్యూపాలయ్యాయి (పిల్ల దశకూ పెద్ద పురుగుకూ మధ్య కదలకుండా ఉండే దశ). ఆ దశ సాధారణంగా వారం నుంచి పది రోజులు ఉంటుంది. బయటికొచ్చిన పెద్ద పురుగు గుండ్రంగా, నాలుగైదు మిల్లీమీటర్లు, రెక్కలు ముదురు గోధుమ నలుపు, తల, మెడ భాగం, రెక్కల చివర నారింజ రంగు. క్రిప్టోలేమస్ మాంట్రూజియరీ. ఇక సందేహం లేదు. అక్షింతల పురుగు అనగానే ఎర్రటి రెక్కలు, నల్ల చుక్కలు ఊహించుకునేవాళ్లకు ఇది ఆ బంధువని తట్టదు.

ఇది మనదేశపు పురుగు కాదు. పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1890ల మొదట్లో కాలిఫోర్నియాలో నిమ్మజాతి తోటల పిండినల్లి కోసం తీసుకెళ్లారు. మనదేశానికి 1898లో తెచ్చారు, అదీ కాఫీ మీది ఆకుపచ్చ పొలుసు పురుగు కోసం. ఆ పనిలో పెద్దగా నిలబడలేదు గానీ దక్షిణాదిలో పిండినల్లి మీద స్థిరపడింది. ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెంచి తోటల్లో వదులుతారు. ఈ డాబా మీదికి ఎవరూ తెచ్చి వదల్లేదు, ఎగిరొచ్చి గుంపు దట్టంగా ఉన్నచోట గుడ్లు పెట్టింది. ఏ గుంపును చూసి ఆవిడ దిగులుపడ్డారో ఆ గుంపే దాన్ని పిలిచింది.

పిండినల్లి ఏ జాతిది అని కూడా ఆవిడ అడిగారు. వీపు మీద రెండు వరసల నల్ల మచ్చలు లేవు కాబట్టి పత్తి పిండినల్లి కాదనిపించింది, వెనక రెండు పొడుగాటి తోకలు లేవు కాబట్టి ఫెరీసియా అనే ఇంకో రకం పిండినల్లీ కాదు. అంతకుమించి ఫొటోతో ముందుకెళ్లలేం. పిండినల్లి జాతి తేల్చాలంటే స్లైడ్ తయారుచేసి మైక్రోస్కోపు కింద రంధ్రాలు, రోమాలు చూడాలి. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి బయటపడినప్పుడు జాతి తేలడం చాలా ముఖ్యమైంది. దానికి సరిపడే అసిరోఫేగస్ పపాయే అనే చిన్న పరాన్నజీవి కందిరీగను 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించడానికి ఆ పేరే ఆధారం. ఎందుకంటే ఆ కందిరీగ ఎంచుకుని తింటుంది. క్రిప్టోలేమస్‌కు అంత పట్టింపు లేదు, రకరకాల పిండినల్లిని తింటుంది. కాబట్టి ఈ డాబా మీద జాతి పేరు తెలిసినా చేయాల్సిన పని మారదు. ‘పిండినల్లి, జాతి తేలలేదు’ అని రాసి వదిలేశాను. జీవుల ఫొటోలు పెట్టి పేరు తేల్చుకునే ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో కూడా ఒక ఫొటోను జాతి దాకా వెళ్లకుండా కుటుంబం స్థాయిలోనే ఆపేసే వీలుంది. అలా ఆపడం పనిలో భాగమే.

తర్వాత చేసినవి

మొదటి ఫొటోలను మళ్లీ తెరిచి చుట్టుపక్కల చూశాం. కొమ్మ మీద చీమల బారు ఉంది. పిండినల్లి విడిచే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినడానికొచ్చే పురుగులను తరుముతాయి. క్రిప్టోలేమస్ పిల్లకు మైనం వేషం కొంత రక్షణ ఇస్తుంది గానీ పెద్ద పురుగుకు, దాని గుడ్లకు ఆ రక్షణ లేదు. అందుకని డ్రమ్ముల స్టాండ్ల కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టించాం. గోడకు, పక్క మొక్కకు తగులుతున్న కొమ్మలు కత్తిరించారు. గోడ మీదుగా వంతెనలా ఒక్క కొమ్మ మిగిలినా నీళ్ల గిన్నెలు పెట్టి లాభం లేదు. గిన్నెల్లో దోమలు పెరగకుండా నీళ్లు తరచూ మార్చమన్నాను.

తెల్ల పిల్లలు లేని, పిండినల్లి మాత్రమే నిండిన చివర్లను కత్తిరించేశారు. తెల్ల పిల్లలున్న కొమ్మలను నీళ్లతో కూడా కడగొద్దన్నాను. ఆకు అడుగున కదలకుండా అంటుకున్న తెల్ల ముద్దలు కనిపిస్తే అవి చచ్చిన పిండినల్లి కాదని, ప్యూపాలని, తుడవొద్దని ముందే చెప్పాను.

ఎండలు ముదిరేనాటికి జామ మీద పిండినల్లి దాదాపు పోయింది. మందారం మీద కొన్ని చిగుళ్లలో మిగిలింది. ఇది ఊహించిందే. తిండి పల్చబడగానే క్రిప్టోలేమస్ వేరేచోటికి ఎగిరిపోతుంది, ఆఖరి పురుగు దాకా తినదు. మిగిలినవాటిని చిగురుతో సహా చేత్తో గిల్లేయమన్నాను, ఈసారి తెల్ల పిల్లలు లేవని చూసుకున్నాక. ఆవిడ ఇప్పుడు పక్కింటివాళ్లకు కూడా చూపించి చెబుతున్నారు.

ఈ కేసు నుంచి నా పనిలోకి వచ్చినవి

ఫొటో రాగానే పేరు వెతకడానికి ముందు, ఈ జవాబుతో అవతలివాళ్లు ఏం చేయబోతున్నారో అడుగుతున్నాను. మందు కొట్టబోతుంటే తేల్చాల్సింది ఒకటి, ఊరికే తెలుసుకోవాలనుకుంటే ఇంకొకటి. మొదటి సందర్భంలో, ఏ పొరపాటు ఎక్కువ ఖరీదైనదో చూసుకుని, దాన్ని తప్పించే ప్రశ్నే ముందు అడగాలి. ఈ కేసులో స్పాల్గిస్‌నూ క్రిప్టోలేమస్‌నూ వేరుచేసే ప్రశ్నతో మొదలుపెట్టి ఉంటే, శాస్త్రం పరంగా బాగానే ఉండేది, మొక్కకు మాత్రం ఆలస్యమయ్యేది.

తెల్లటి పిండితో ఏది వచ్చినా స్కేలు లేకుండా జవాబు ఇవ్వను. కొలత తేలాక వీడియో. ఫొటోలో తేలని తేడా నడకలో చాలాసార్లు తేలుతుంది, పైగా అందుకు మంచి ఫోన్ కూడా అక్కర్లేదు. వీడియో కుదరని వాళ్లను, కొమ్మ ముందు కాసేపు కూర్చుని ఏం చేస్తోందో చూసి చెప్పమంటున్నాను: ఒకేచోట ఉందా, తిరుగుతోందా, మిగతావాటి మీదికి వెళ్తోందా. వాళ్లు రాసే నాలుగు మాటలు మసక ఫొటో కన్నా ఎక్కువ చెబుతాయి.

యాప్ స్క్రీన్‌షాట్లు వస్తే పక్కన పెట్టను. అది ఏ భాగాన్ని చూసి ఆ పేరు చెప్పిందో ఊహించడం ఉపయోగపడుతుంది. ఫొటోను కత్తిరించి, అనుమానం ఉన్న ఒక్క పురుగునే మళ్లీ వేసి చూడమంటాను. పేరు మారితే, కొమ్మ మీద ఒకటి కన్నా ఎక్కువ రకాలున్నాయేమో వెతకడానికి అదొక కారణం. మారకపోయినా స్కేలు, వీడియో అడగడం మానను.

కొందరు రెండోసారి ఫొటో పంపరు. ఓపిక లేకో, అప్పటికే కొట్టేసో. అలాంటప్పుడు తేలలేదనే రాస్తాను, మందు పేరు మాత్రం చెప్పను.